వేసవిలో అలాస్కా: పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు, అత్తమామలు ఎక్కువగా వచ్చేది మే నుంచి ఆగస్టు మధ్యలో. అలాస్కా చూడదగ్గ కాలం కూడా అదే. డెబ్బై ఏళ్ల పెద్దాయన, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఆరేళ్ల పిల్ల, వాళ్లందరినీ తిప్పే మీరు కలిసి ఒకే బండిలో వెళ్లే ప్రయాణం కోసం ఈ జవాబులు రాశాం. ఒంటరిగా వీపున సంచి వేసుకుని కొండలెక్కేవాళ్ల అవసరాలు వేరు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జూన్ మొదటి వారం నుంచి జూలై మొదటి వారం దాకా. దక్షిణ అలాస్కాలో వాన తక్కువగా ఉండే రోజులవి. జూలై నెలాఖరు నుంచి ముసురు పెరుగుతుంది. ఆగస్టులో వాన ఎక్కువైనా దోమలు తగ్గుతాయి, డెనాలీ జాతీయ పార్కులో బ్లూబెర్రీలు పండుతాయి, నెలాఖరుకు నేలంతా ఎర్రబడుతుంది. మే మొదటి పక్షంలో మాత్రం టికెట్ కొనకండి. డెనాలీ బస్సులు, చాలా లాడ్జీలు మే 20 ప్రాంతానికి గానీ మొదలు కావు.

రాత్రి ఆకాశంలో మెరిసే ఉత్తర కాంతులు (అరోరా) చూపించమని పిల్లలు అడుగుతారు. జూన్‌, జూలైలలో అవి కనిపించవు, ఎందుకంటే చీకటే పడదు. జూన్ 21న యాంకరేజ్‌లో పగలు 19 గంటల పైమాటే, ఫెయిర్‌బ్యాంక్స్‌లో దాదాపు 22 గంటలు. కాంతుల కోసమే అయితే ఆగస్టు 20 దాటాక ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లాలి.

ఎన్ని రోజులు కావాలి? ఎక్కడెక్కడ ఉండాలి?

తొమ్మిది రాత్రులు, అంటే పది రోజులుంటే నింపాదిగా చూడొచ్చు. ఏడు రోజులకు తగ్గితే కారులో కూర్చున్న జ్ఞాపకమే మిగులుతుంది. అలాస్కా విస్తీర్ణం భారతదేశంలో సగానికి పైన. మ్యాపులో పక్కపక్కనే కనిపించే ఊళ్ల మధ్య నాలుగైదు గంటల దూరం ఉంటుంది.

రెండు మకాములు పెట్టుకోండి. ఒకటి దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న సీవర్డ్, రెండోది ఉత్తరాన డెనాలీ జాతీయ పార్కు. యాంకరేజ్ నుంచి సీవర్డ్ 125 మైళ్లు, రెండున్నర గంటలు. యాంకరేజ్ నుంచి డెనాలీ పార్కు ద్వారం సుమారు 240 మైళ్లు, ఆగుతూ వెళ్తే ఐదు గంటలు. సీవర్డ్‌లో మూడు రాత్రులు, డెనాలీ దగ్గర మూడు రాత్రులు, దారిలో టాల్కీట్నాలో ఒకటి, మొదటి రాత్రి, చివరి రాత్రి యాంకరేజ్‌లో. ఒక్కో మకాములో రెండు పగళ్లు చేతిలో ఉంటాయి. వాటిలో ఒకటి అచ్చంగా వాతావరణం కోసం వదిలెయ్యాలి. బోటుకు ఒకే రోజు కేటాయించి, ఆ రోజు సముద్రం పోటెత్తితే మళ్లీ అవకాశం ఉండదు. రోజుకో ఊరు చొప్పున హోటళ్లు కట్టుకున్న కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పైగా పెద్దవాళ్లకు రోజూ సూట్‌కేసు సర్దడమే పెద్ద అలసట.

హోమర్, వాల్డీజ్, ఆర్కిటిక్ రేఖ మొదటి ప్రయాణంలో వద్దు. అవి మంచి చోట్లే, కానీ ఒక్కోదానికి రెండేసి రోజులు అడుగుతాయి.

అమ్మానాన్నల దగ్గర అమెరికా విజిటర్ వీసా ఉంది. ఇంకేమైనా కావాలా?

విమానంలో నేరుగా యాంకరేజ్ వెళ్తే ఏమీ అక్కర్లేదు. అది దేశీయ ప్రయాణమే. సియాటిల్ నుంచి మూడున్నర గంటలు. వాళ్ల భారత పాస్‌పోర్టే గుర్తింపు కార్డు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ఐ-94 రికార్డు ప్రింటు ఒకటి పక్కన పెట్టుకోండి.

క్రూయిజ్ అయితే సంగతి మారిపోతుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి బయల్దేరి మళ్లీ అమెరికా రేవుకే రావాలంటే మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. 1886 నాటి చట్టం అది. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, తరచుగా రాత్రిపూట కొద్ది గంటలు. మీరు దిగకపోయినా భారత పాస్‌పోర్టున్న పెద్దవాళ్లకు కెనడా విజిటర్ వీసా ఉండాలి. లేకపోతే బయల్దేరే రోజునే ఓడ ఎక్కనివ్వరు, డబ్బు కూడా తిరిగి రాదు. హెచ్-1బీ మీద ఉన్న మీకూ ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డున్నవాళ్లకు కార్డు, పాస్‌పోర్టు సరిపోతాయి. వ్యాంకోవర్ నుంచి బయల్దేరే ఓడలకు, అలాస్కా హైవే మీద కారులో వెళ్లడానికి, స్కాగ్వే నుంచి సరిహద్దు దాటే రైలు యాత్రలకు కూడా కెనడా అనుమతి చూసుకోవాలి.

కెనడా వీసాకు వేలిముద్రలు ఇవ్వాలి, వారాలు పడుతుంది. అమ్మానాన్నలు ఇంకా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే ఆ పని మొదలుపెట్టండి. ఇంకో మాట: కెనడా వెళ్లి కొద్ది రోజుల్లో తిరిగొస్తే అమెరికాలో ఉండే గడువు కొత్తగా ఆరు నెలలు మొదలవుతుందని లెక్క వేసుకోవద్దు. పాత ఐ-94 తేదీనే కొనసాగించవచ్చు.

కారా, రైలా?

సీవర్డ్‌కు కారు. డెనాలీకి పెద్దవాళ్ల నడుము సహకరిస్తే ఒకవైపు రైలు. యాంకరేజ్ నుంచి పొద్దున ఎనిమిదిన్నర లోపే బయల్దేరే రైలు డెనాలీకి చేరేసరికి మధ్యాహ్నం నాలుగవుతుంది. కారు కంటే నెమ్మది, కానీ లేచి నడవొచ్చు, బాత్‌రూమ్ ఉంటుంది, దుప్పి కనిపిస్తే డ్రైవర్‌తో సహా అందరూ చూడొచ్చు.

కారు అద్దెకు తీసుకుంటే ఒప్పందంలో కంకర రోడ్ల గురించి చదవండి. డెనాలీ హైవే, మెకార్తీ రోడ్డు, డాల్టన్ హైవేల మీదికి మామూలు అద్దె కార్లను అనుమతించరు. అక్కడ టైరు పేలితే తెచ్చుకునే ఖర్చంతా మీదే. డెనాలీ హైవే, డెనాలీ పార్కు రోడ్డు వేర్వేరని గుర్తుంచుకోండి. పేరు చూసి జీపీఎస్ చెప్పినట్టు తిరిగేవాళ్లున్నారు.

సీవర్డ్ హైవే మీద పగలైనా హెడ్‌లైట్లు వేసే ఉండాలి. మీ వెనక ఐదు బండ్లు చేరితే పక్కకు ఆపి దారివ్వడం అలాస్కాలో చట్టం. నెమ్మదిగా వెళ్తూ ఫొటోలు తీసేవాళ్లకు జరిమానా పడేది దీనికే. పెట్రోలు సగానికి రాగానే నింపించండి. మ్యాపులు ముందే ఫోనులోకి దించుకోండి, సిగ్నల్ గంటల తరబడి ఉండదు.

బోట్లు బయల్దేరే విట్టియర్ రేవుకు వెళ్లాలనుకుంటే దారిలో రెండున్నర మైళ్ల సొరంగం ఉంది. రైలుకూ కార్లకూ అదొక్కటే దారి, ఒకసారికి ఒకవైపే వదులుతారు. వెళ్లేటప్పుడు గంట దాటాక ముప్పయ్యో నిమిషానికి, వచ్చేటప్పుడు సరిగ్గా గంటకు గేటు తెరుస్తారు. బోటు టైముకు అరగంట ముందు చేరితే చాలనుకుని వెళ్తే గేటు దగ్గరే బోటు తప్పిపోతుంది.

డెనాలీ పార్కులో మన కారులో ఎంత దూరం వెళ్లొచ్చు?

వేసవిలో 15 మైళ్లు, సావేజ్ నది దాకా. ఆ పైన పార్కు బస్సులే. రోడ్డు మొత్తం 92 మైళ్లు, కానీ ప్రెటీ రాక్స్ అనే చోట కొండవాలు కింద మంచు కరిగి రోడ్డే జారిపోవడంతో 2021 ఆగస్టులో అక్కడ మూసేశారు. అప్పటి నుంచి బస్సులు 43వ మైలు దగ్గరి ఈస్ట్ ఫోర్క్ దాకా తిరుగుతున్నాయి. అక్కడ వంతెన కడుతున్నారు, కాబట్టి మీరు వెళ్లే ఏడాది బస్సు ఎక్కడిదాకా వెళ్తుందో పార్కు వెబ్‌సైటులో చూసి టికెట్ తీసుకోండి.

బస్సులు రెండు రకాలు. వివరంగా చెప్పే గైడు ఉండేవి టూర్ బస్సులు. ఎక్కడైనా దిగి, మళ్లీ వచ్చే బస్సు ఎక్కగలిగేవి ట్రాన్సిట్ బస్సులు, వీటి ధర బాగా తక్కువ. మాట అర్థం చేసుకోవడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్లతో అయితే ట్రాన్సిట్ బస్సే నయం. జంతువు కనిపిస్తే అందులోనూ ఆపుతారు, దాని సంగతి మీరే తెలుగులో చెప్పుకోవచ్చు. రానూపోనూ సుమారు ఐదు గంటలు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, రోడ్డు పడమరకు వెళ్తుంది, మంచు పర్వతాల వరుస దక్షిణాన ఉంటుంది. చిన్నపిల్లలకు కారు సీటు మీరే తెచ్చుకోవాలి. దారిలో ఆగే చోట్ల మరుగుదొడ్లు ఉంటాయి కానీ తినడానికి ఏమీ అమ్మరు. పార్కు ప్రవేశ రుసుము 16 ఏళ్లు నిండినవారికి 15 డాలర్లు.

బస్సు వద్దన్నవాళ్ల కోసం సావేజ్ నది దాకా ఉచిత షటిల్ ఉంది. అక్కడ నదికి రెండు ఒడ్డులా రెండు మైళ్ల చుట్టుదారి, దాదాపు సమతలం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అర మైలు నడిచి వెనక్కి వచ్చినా ఆ లోయ చూసినట్టే. పార్కు రేంజర్ల స్లెడ్ కుక్కల ప్రదర్శన కూడా ఉచితమే. పిల్లలకు పర్వతం కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

డెనాలీ శిఖరం తప్పకుండా కనిపిస్తుందా?

లేదు. వేసవిలో వచ్చేవాళ్లలో మూడింట ఒక వంతుకే కనిపిస్తుంది. 20,310 అడుగుల ఆ కొండ తన మబ్బులను తానే తయారుచేసుకుంటుంది. మూడు రాత్రులు ఉండమనేది ఇందుకే. పార్కు రోడ్డు మీద తొమ్మిదో మైలు దగ్గర మొదటిసారి కనిపిస్తుంది, అక్కడికి మీ కారులోనే వెళ్లొచ్చు. పార్క్స్ హైవే మీద 135వ మైలు దగ్గరి డెనాలీ వ్యూపాయింట్ సౌత్ ఇంకా మంచి చోటు. తెల్లవారుజామున, లేదా రాత్రి పది దాటాక చూడండి, మబ్బు విడేది ఎక్కువగా అప్పుడే. 2025 నుంచి ప్రభుత్వ పటాల్లో పర్వతం పేరు మళ్లీ మౌంట్ మెకిన్లీ అయింది, పార్కు పేరు మాత్రం డెనాలీయే. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2022 జూన్‌లో ఎక్కిన కొండ ఇదే అని పిల్లలకు చెప్పండి.

టాల్కీట్నా నుంచి చిన్న విమానంలో పర్వతం చుట్టూ తిరిగి హిమానీనదం మీద దిగే యాత్రలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, కానీ నడవలేని పెద్దవాళ్లు కూడా మంచు మీద నిలబడగలిగే దారి ఇది. అందరి బరువూ అడుగుతారు, సరిగ్గా చెప్పండి. వాతావరణం బాగోలేక రద్దుచేస్తే డబ్బు వెనక్కిస్తారో లేదో కట్టే ముందే కనుక్కోండి.

సీవర్డ్ బోటులో వాంతులవుతాయంటారు, పెద్దవాళ్లు తట్టుకోగలరా?

ఏ బోటు అన్నదాన్ని బట్టి. కీనై ఫియోర్డ్స్ హిమానీనదాల దాకా వెళ్లే ఆరు గంటల యాత్రలో బోటు అఖాతం దాటి బయటి సముద్రంలోకి వస్తుంది. అక్కడే అలలు బోటును ఎత్తి పడేస్తాయి. రిజరెక్షన్ అఖాతంలోనే తిరిగే నాలుగు గంటల బోటు ఆ భాగం దాకా వెళ్లదు. సముద్రపు ఓటర్లు, పఫిన్లు, సీ లయన్లు అందులోనూ కనిపిస్తాయి. సముద్రంలోకి విరిగిపడే మంచుగోడ మాత్రం పెద్ద యాత్రలోనే.

పెద్ద యాత్రే కావాలంటే మెక్లిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర బోటు ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. ఇండియా నుంచి తెచ్చుకున్న అవోమిన్ మత్తు ఎక్కువిస్తుంది. ఊగే డెక్కు మీద డెబ్బై ఏళ్లవాళ్లు తూలిపడే ప్రమాదం ఉంది. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ఏ మాత్రైనా డాక్టర్ని అడిగే వేసుకోవాలి. పరగడుపున ఎక్కకండి, పూరీలు తినీ ఎక్కకండి. రెండు ఇడ్లీలో టోస్టో చాలు. కింది అంతస్తులో బోటు మధ్యన లేదా వెనకవైపు కూర్చుని దూరంగా ఉన్న గట్టును చూడాలి. ఫోను చూడకూడదు.

ఎలాంటి బట్టలు తీసుకెళ్లాలి?

జూన్‌లోనూ పగలు 13 నుంచి 18 డిగ్రీలు, బోటు మీద హిమానీనదం గాలికి ఐదు డిగ్రీల్లో ఉన్నట్టుంటుంది. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన వాన ఆగే జాకెట్టు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది, కాబట్టి లోపలి పొరకు వద్దు. చీర కట్టుకునే అమ్మలు ఊళ్లో చీరతోనే ఉండొచ్చు, కింద థర్మల్ ప్యాంటు వేసుకుంటే సరి. బోటుకు, నడకకు మాత్రం చుడీదారో ప్యాంటో వేసుకోవాలి. తడి మెట్ల మీద కుచ్చిళ్లు కాలికింద పడతాయి. మంకీ క్యాప్, చేతి తొడుగులు తప్పనిసరి.

ఎలుగుబంటి ఎదురైతే?

పరిగెత్తకూడదు. నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడమే సగం రక్షణ. మనుషులొస్తున్నారని తెలిస్తే అదే పక్కకు పోతుంది. పిల్లలను ముందు పరిగెత్తనివ్వకండి, పెద్దవాళ్లను వెనక వదిలేయకండి. ఎదురైతే అందరూ ఒకచోట చేరి, చేతులు పైకెత్తి, మామూలు గొంతుతో మాట్లాడుతూ మెల్లగా వెనక్కి జరగాలి. డెనాలీలో ఎలుగుకు 300 గజాలు, దుప్పికి 25 గజాల దూరం పాటించాలన్నది నియమం.

ఎలుగును ఆపడానికి కొట్టే ఘాటైన బేర్ స్ప్రేను విమానంలో చేతి సంచిలోనూ చెక్-ఇన్‌లోనూ అనుమతించరు. యాంకరేజ్‌లో కొనండి, 40–50 డాలర్లు. అది దోమల మందులాగా ఒంటికి రాసుకునేది కాదు. టెంటుకో పిల్లల బట్టలకో చల్లితే కళ్లు మండి ఆస్పత్రికి పోవాలి. మీదికి వస్తున్న ఎలుగు 30 అడుగుల దగ్గరికి వచ్చినప్పుడు, దాని ముఖానికి కాస్త కిందుగా గురిపెట్టి కొట్టాలి, అది ఆ మబ్బులోకి దూరాలి. డబ్బా నడుముకు ఉండాలి, సంచి అడుగున ఉంటే దండగ. గోధుమరంగు ఎలుగు తాకితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు కప్పుకోవాలి. నల్ల ఎలుగైతే ఎదురుతిరిగి కొట్టాలి.

నిజానికి ఈ కుటుంబ ప్రయాణాల్లో దగ్గరగా తగిలేది ఎలుగు కాదు, మూస్ అనే పెద్ద దుప్పి. జూన్‌లో పిల్లలతో ఉంటుంది, యాంకరేజ్ వీధుల్లోకే వస్తుంది. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే మీదికి రాబోతోందని అర్థం. దీని నుంచి మాత్రం పరిగెత్తాలి, చెట్టు చాటుకో కారు చాటుకో వెళ్లాలి. సెల్ఫీ కోసం దగ్గరికి పోయే మామయ్యల మీద ఓ కన్నేసి ఉంచండి.

దోమలు నిజంగా అంత ఎక్కువా?

జూన్ మధ్య నుంచి జూలై నెలాఖరు దాకా చాలా ఎక్కువ. మలేరియా, డెంగీ భయం లేదు, దురద మాత్రం భరించలేరు. 25–30 శాతం డీట్ ఉన్న మందు చర్మానికి, పెర్మెత్రిన్ బట్టలకు. పెర్మెత్రిన్‌ను ఇంటి దగ్గరే బట్టల మీద చల్లి పూర్తిగా ఆరనిచ్చాకే తొడుక్కోవాలి. డీట్ తగిలితే కళ్లద్దాల ఫ్రేము, ప్లాస్టిక్ వాచీ పాడవుతాయి. ముఖానికి వేసుకునే వల పది డాలర్ల లోపే దొరుకుతుంది, మనిషికొకటి కొనండి. సముద్రం ఒడ్డున, గాలి తగిలే చోట బాధ తక్కువ.

శాకాహారులకు భోజనం ఎలా?

యాంకరేజ్ దాటాక మీ వంటే మీకు దిక్కు. రెండు మకాముల్లోనూ వంటగది ఉన్న గది తీసుకోండి. లాడ్జీ గదుల్లో కుక్కరు పెడితే పొగ అలారం మోగుతుంది, చాలాచోట్ల నిషేధం కూడా. సరుకులన్నీ యాంకరేజ్ లేదా వాసిల్లాలోనే కొనెయ్యండి, డెనాలీ దగ్గర చిన్న దుకాణాలే.

ఆవకాయ, నెయ్యి, చింతపండు గుజ్జు విమాన భద్రత లెక్కలో ద్రవపదార్థాలు. వంద మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి సంచిలో ఉంటే తీసేస్తారు. చెక్-ఇన్ సామానులో, రెండు జిప్ సంచుల్లో పెట్టండి. కందిపొడి, కారప్పొడి చేతి సంచిలో పర్లేదు, ఎక్కువుంటే విప్పి చూస్తారు.

బస్సు రోజుకు పులిహోర కంటే మంచిది లేదు, చింతపండు, నూనె వల్ల సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్దోజనానికి పొద్దున గోరువెచ్చని మెత్తటి అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బా కట్టండి. మధ్యాహ్నానికి పులవకుండా తోడుకుంటుంది. కొబ్బరి చట్నీ వద్దు. తినేది బస్సులోనే, కింద ఒక్క మెతుకు కూడా పడకూడదు. మనుషుల తిండికి అలవాటుపడ్డ ఎలుగును చివరికి కాల్చేయాల్సి వస్తుంది. టెంటులో ఉండేవాళ్లు ఊరగాయ, ఇంగువ డబ్బాలే కాదు, టూత్‌పేస్టు కూడా క్యాంపులోని ఇనప పెట్టెలోనో కారులోనో పెట్టి తాళం వెయ్యాలి.

మందులు, నిద్ర, ఆస్పత్రి?

అలాస్కా సమయం కాలిఫోర్నియా కంటే గంట, టెక్సస్ కంటే మూడు గంటలు, న్యూజెర్సీ కంటే నాలుగు గంటలు వెనక. ఇండియా పదమూడున్నర గంటలు ముందు. బీపీ, షుగర్ మాత్రలు ఎండను చూసి కాదు, గడియారం చూసి వెయ్యాలి. రాత్రి పదకొండుకూ వెలుగుంటుంది కాబట్టి భోజనం, మాత్ర రెండూ ఆలస్యమవుతాయి, షుగర్ పడిపోయేది ఇలాగే. ఫోనులో అలారం పెట్టండి. కళ్లకు గంతల్లాంటి మాస్కులు అందరికీ తీసుకెళ్లండి.

పెద్ద ఆస్పత్రులు యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్‌లలో. సీవర్డ్‌లో చిన్న ఆస్పత్రి, డెనాలీ పక్కన హీలీలో క్లినిక్ ఉన్నాయి. విజిటర్ ఇన్సూరెన్సులో రెండు చూడండి: ముందునుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తారా, హెలికాప్టర్‌లో తరలిస్తే ఎంతవరకు ఇస్తారు. ఐఫోను శాటిలైట్ అత్యవసర సందేశం 62 డిగ్రీల అక్షాంశం పైన పనిచేయకపోవచ్చు, డెనాలీ 63 దగ్గరుంది. సిగ్నల్ లేని దారుల్లోకి వెళ్తే ఇరిడియం ఉపగ్రహాలతో పనిచేసే పరికరం అద్దెకు తీసుకోండి.

యాంకరేజ్ పక్కన సముద్రం ఒడ్డున పిల్లలు ఆడుకోవచ్చా?

వద్దే వద్దు. టర్న్‌అగెయిన్ ఆర్మ్ అనే ఆ సముద్రపు పాయలో ఆటు సమయంలో కనిపించే బూడిదరంగు నేల ఇసుక కాదు, హిమానీనదాలు నూరిన పిండిలాంటి మట్టి. కాలు పెడితే దిగబడుతుంది, కదిలితే ఇంకా బిగుస్తుంది, పోటు వేగంగా తిరిగొస్తుంది. రోడ్డు పక్క బెలూగా పాయింట్ రాళ్ల మీద నుంచే చూడండి.

చేప పట్టి పులుసు పెట్టుకోవచ్చా?

హాయిగా. బయటి రాష్ట్రాలవాళ్లకు ఒక రోజు లైసెన్సు 15 డాలర్లు, మూడు రోజులకు 30. కింగ్ సాల్మన్‌కు వేరే స్టాంపు కావాలి. 16 ఏళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. ఎన్ని పట్టొచ్చో నదిని బట్టి, వారాన్ని బట్టి మారుతుంది, బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి.

పులుసుకు సాల్మన్ కంటే హాలిబట్ మేలు. ముక్క తెల్లగా, గట్టిగా ఉంటుంది, చింతపండు రసం పడుతుంది. పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేసి, ఐదారు నిమిషాల్లో దించెయ్యండి. మన కొర్రమీను లెక్కన ఉడికిస్తే పీచులా ఎండిపోతుంది. మిగిలింది ఇంటికి తెచ్చుకోవాలంటే రేవు దగ్గరి దుకాణాల్లో గాలి తీసి ప్యాక్ చేసి గడ్డకట్టిస్తారు. అందుకు ఒక రాత్రి పడుతుంది, కాబట్టి చేపల వేట చివరి రోజుకు పెట్టకండి. పెట్టె 50 పౌండ్లు దాటకుండా చూసి చెక్-ఇన్ సామానుగా ఇవ్వండి.